బీచ్ రోడ్డు మీద బుల్లి అంబాసిడర్: ప్రాజెక్టు డైరీ

నవంబరు నెలాఖరు

అనుకున్నది ఇదీ. విశాఖ ఆర్కే బీచ్ పిట్టగోడ పక్కన ఒక తెల్ల అంబాసిడర్ ఆగి ఉండాలి. ఎడమ పక్క సముద్రం, వెనకాల దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. చూసినవాళ్లు ఎవరింటి ఆల్బమ్‌లోనో దొరికిన తొంభైల నాటి ఫొటో అనుకోవాలి. బండి మాత్రం అరచేతిలో పట్టే బొమ్మ. నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: సముద్రాన్ని వేరే ఫొటోలోంచి తెచ్చి కంప్యూటర్‌లో అతికించకూడదు. బొమ్మా, సముద్రం రెండూ ఒకే క్లిక్కులో పడాలి.

బండి పూర్ణా మార్కెట్‌లో కొన్నదే. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే ప్లాస్టిక్ రకం. డబ్బా మీద స్కేలు రాసి లేదు కాబట్టి కొలిచి చూసుకోవాల్సి వచ్చింది. అసలు అంబాసిడర్ పొడవు 4,325 మి.మీ. బొమ్మ సరిగ్గా 12 సెం.మీ. ఉంది. అంటే స్కేలు 1:36, అసలు బండిలో ముప్పయ్యారో వంతు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం అసలు బండిలో 2,464 మి.మీ.; బొమ్మలో అది అరవయ్యారున్నర. ఆ లెక్కన 1:37. ఈ మాత్రం తేడా కంటికి ఆనదు. ఇక ఈ ప్రాజెక్టులో ప్రతి కొలతనీ 36తో భాగిస్తాను.

సేకరణలో పెట్టుకునేవాళ్లు సాధారణంగా 1:64, 1:43, 1:24, 1:18 డైకాస్ట్ (లోహంతో పోత పోసిన) బళ్లు కొంటారు. ఫొటోకి మాత్రం బొమ్మ ఎంత పెద్దదైతే అంత సుఖం. ఎందుకన్నది కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు రాస్తాను.

డిసెంబరు మొదటి వారం: బండిని పాతబరచడం

బొమ్మ బండిని పట్టించేది దాని మెరుపు. ప్లాస్టిక్ ఒంటి మీద వెలుతురు తెల్ల మచ్చలా పడుతుంది. పెయింట్ షాపులో వాటర్ పేపర్ అంటారే, అందులో నున్నటి రకం, 1000 నంబరుది తీసుకుని నీళ్లతో మెల్లగా రుద్ది, పైన మాట్ వార్నిష్ కొట్టాను. కిటికీల ప్లాస్టిక్ మరీ దళసరి. దాన్ని తీసేసి అద్దంలా అవతలకి కనబడే పల్చటి ప్లాస్టిక్, ఓహెచ్‌పీ షీటు ముక్కలు అతికించాను. బంపర్లకి అల్యూమినియం టేపు. టేపు మీద అగ్గిపుల్ల చివరతో గట్టిగా నొక్కితే వంపుల్లోకి చక్కగా దిగుతుంది.

చక్రాల దగ్గర ఎక్కువ సేపు కూర్చున్నాను. బొమ్మకి బరువుండదు కదా, టైరు పూర్తి గుండ్రంగా ఉండి నేలని ఒక్క గీత దగ్గరే తాకుతుంది. టన్ను దాటిన బండి అలా నిలబడదు. టైరు కింద కొంచెం అణిగి, పక్కలకి కాస్త ఉబ్బుతుంది. అందుకని చక్రాలు తిరగకుండా ఇరుసుకి జిగురు పెట్టేసి, నేలకి ఆనే చోట ఒక్కొక్క టైరునీ ఆకురాయితో అర మిల్లీమీటరు చదును చేశాను. ఆకురాయి పెట్టేది అర మిల్లీమీటరే అయినా బండికి బరువొచ్చింది. ఇప్పటిదాకా చేసిన పనులన్నిటిలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

నంబరు ప్లేటు నల్ల పలక మీద తెల్ల అక్షరాలు. అప్పట్లో సొంత బళ్లకి అలాగే ఉండేవి. ఏపీ 31 అన్నంతవరకు కనిపించేలా రాసి, మిగతా అంకెల మీద బురద పూశాను. ఎవరి బండి నంబరో పొరపాటున తగిలితే అదో టెన్షన్.

దుమ్ముకి ఇటుక పొడి, సుద్ద పొడి కలిపి పాత కాటన్ చీర ముక్కలో జల్లించి, పొడి బ్రష్‌తో చక్రాల పై వంపుల్లో, తలుపుల కింది అంచున అద్దాను. బానెట్ మీద దుమ్ము వేయలేదు. సొంత అంబాసిడర్ ఉన్న ఇంట్లో పొద్దున్నే గుడ్డ పెట్టి బానెట్ తుడవని డ్రైవరు ఉండేవాడు కాదు.

డిసెంబరు రెండో వారం: రోడ్డు

బండి కన్నా రోడ్డుకి ఎక్కువ పని పట్టింది. చాలామంది తీసిన బొమ్మ కార్ల ఫొటోల్లో బండి అద్భుతంగా ఉంటుంది, కింద రోడ్డు మాత్రం చార్టు పేపరులా ఉంటుంది. కన్ను ముందు అక్కడే ఆగిపోతుంది.

తారు రోడ్డు పై పొరలో వేసేది చిన్న కంకర. మనవైపు బేబీ చిప్స్ అంటామే, ఆ కాస్త అటూ ఇటూ సైజు. అది 36 రెట్లు తగ్గితే మిల్లీమీటరులో అయిదో వంతు, పావు వంతు మధ్య ఉంటుంది. 80 నంబరు ఎమ్రీ కాగితం మీద ఉండే రేణువు సైజు దాదాపు 0.2 మి.మీ. అంటే సరిపోయింది. రోడ్డు తయారుగా షాపులోనే దొరుకుతోందన్న మాట. బట్ట వెనక ఉండే రకం షీట్లు తీసుకుని 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ప్లైవుడ్ మీద ఫెవికాల్‌తో అతికించాను. సన్‌బోర్డు అనే ఫోమ్ పలక అయితే మోయడానికి తేలిక, కానీ మన బీచ్ గాలికి అది పతంగి అయిపోతుంది.

ఎమ్రీ కాగితాన్ని అలాగే వదిలేస్తే ఎండలో తళుక్కుమంటుంది, పైగా మరీ నల్లగా ఉంటుంది. నిజం రోడ్డు నల్లగా ఉండేది వేసిన కొత్తలోనే. తర్వాత అది బూడిద రంగు, అందులోనూ చక్రాలు నడిచే చోట ఒక ఛాయ, మధ్యలో నూనె కారి ఒక ఛాయ, అంచుల్లో ఇసుక పట్టి ఒక ఛాయ. నీళ్లు బాగా కలిపిన యాక్రిలిక్ రంగులు పొరలు పొరలుగా వేశాను. చక్రాల దారిలో గరుకుని ఇంకో ఎమ్రీ ముక్కతో రుద్ది కొంచెం అరగదీశాను. తెల్ల గీత 10 సెం.మీ. అనుకుంటే ఇక్కడ మూడు మిల్లీమీటర్ల లోపే. అంచున నలుపు తెలుపు రాళ్ల ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు. ఆ రాళ్ల మీద రంగు గీత తిన్నగా ఉంటే నమ్మబుద్ధి కాదు. నిజంగా వేసినవాళ్లు బ్రష్‌తో చకచకా లాగేసి పోతారు, నలుపు తెలుపులోకి జారుతుంది. నేనూ అలాగే లాగేశాను.

ఇసుక సంగతి వేరు. బీచ్ ఇసుకే ఉంది కదా అని తెచ్చి చల్లితే కుదరదు. రేణువు 0.3 మి.మీ. ఉన్నా 36తో హెచ్చిస్తే సెంటీమీటరు దాటుతుంది, అంటే రోడ్డు పక్కన ఇసుక బదులు గులకరాళ్లు పరిచినట్టే. పైగా మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులు నల్లగా, ఎర్రగా మెరుస్తుంటాయి. దూరం నుంచి అందమే గానీ ఈ స్కేలులో ఒక్కోటి ఒక్కో రాయిలా లేచి కనబడుతుంది. ఉప్పు కూడా వదలదు. కడగకుండా అతికిస్తే కొన్నాళ్లకి జిగురు మీద తెల్లగా పూస్తుంది. అందుకే ఇసుక రంగుకి కూడా జల్లించిన సుద్ద, ఇటుక, పసుపు మట్టి పొడులే వాడాను.

ఎర్రమట్టి కోసం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లమని మేనల్లుడు సలహా ఇచ్చాడు. అవి రక్షిత భూవారసత్వ ప్రదేశం, పిడికెడు మట్టి కూడా తేకూడదు. "పిడికెడుకి ఎవరడుగుతారు మామయ్యా" అన్నాడు. అలా అనుకునేవాళ్లు రోజుకి వందమంది వస్తే దిబ్బ ఏమవ్వాలి? మధురవాడ వైపు ఇల్లు కడుతున్న చోట, పునాది గుంత పక్కన పోసిన మట్టి కావలసినంత దొరికింది.

అదే వారం: మురీ మిక్చర్ బండి

బీచ్ రోడ్డు అన్నాక మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) బండి లేకుండా ఎలా? నిజం బండి కొలతలు తీసుకుందామని సాయంత్రం టేపు పట్టుకుని వెళ్లాను. నేను చక్రం కొలుస్తుంటే బండాయన ఉల్లిపాయలు తరుగుతూనే అడిగాడు.

"ఏటి బాబూ, బండి కొనేత్తావేటి?"

బొమ్మ చేస్తున్నానని చెప్పి కాగితం మీద గీసుకున్నది చూపించాను. ఆయన కాసేపు చూసి, "అన్నీ ఏసావు గానీ పట్టా ఏదీ? సముద్రం పక్క పట్టా కట్టకపోతే మురీలన్నీ రోడ్డు మీదే ఉంటాయి," అన్నాడు. నిజమే. ప్రతి బండికీ సముద్రం వైపు ప్లాస్టిక్ పట్టా కట్టి ఉంటుంది. రోజూ చూసే బండి, నా కళ్లకి ఎప్పుడూ ఆనలేదు. గొడుగు కూడా అటు వైపే వాలి ఉంటుంది.

బండి పొడవు 1.5 మీటర్లు, బొమ్మలో నాలుగు సెంటీమీటర్లు. చెక్కకి ఐస్‌క్రీం పుల్లలు చీల్చాను. చక్రాలకి రాగి తీగని మార్కర్ పెన్ను మూతకి చుట్టి రింగులు చేసి, చువ్వలుగా నైలాన్ దారం బిగించాను. గాజు పెట్టెకి ఓహెచ్‌పీ షీటే. అసలు చిక్కు మురీలతో వచ్చింది. ఒక్క మరమరం పొడవు 8 మి.మీ. అనుకున్నా, ఇక్కడ అది 0.2 మి.మీ. బొంబాయి రవ్వ పోసి చూస్తే బండి నిండా కోడిగుడ్లు పేర్చినట్టు అయింది. బియ్యప్పిండి జల్లించగా జల్లెడలో మిగిలిన గరుకు సరిగ్గా కుదిరింది. టమాటాలు మాత్రం ఆవాలకి ఎరుపు రంగు వేసినవే. ఆవగింజ రెండు మిల్లీమీటర్లు, అంటే ఏడు సెంటీమీటర్ల టమాటా. మార్కెట్‌లో అదే మంచి సైజు. పట్టాకి నీలం పాలిథిన్ కవరు ముక్కని చేత్తో బాగా నలిపి కట్టాను.

డిసెంబరు మూడో వారం: కెమెరా ఎత్తు, హొరైజన్

ఈ పని మొత్తానికి కీలకం ఇక్కడుంది. మనిషి నిలబడి ఫొటో తీస్తే కెమెరా నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 36తో భాగిస్తే 4.4 సెం.మీ. బొమ్మ ఫొటోలు తొంభై శాతం బొమ్మల్లా కనబడటానికి కారణం కెమెరా దీనికి పైన ఉండటమే. పదిహేను సెంటీమీటర్ల పైనుంచి తీస్తే అది రెండో అంతస్తు కిటికీలోంచి చూసినట్టు.

సముద్రం వెనక ఉంటే ఈ విషయంలో క్షమించదు. సముద్రం మీద హొరైజన్, అంటే నీళ్లూ ఆకాశం కలిసినట్టు కనబడే గీత, ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. కెమెరాతో సమానమైన ఎత్తున్న ప్రతి వస్తువునీ ఆ గీత అక్కడే కోస్తుంది. అంబాసిడర్ ఎత్తు కూడా దాదాపు 1.6 మీటర్లే. కాబట్టి మనిషి నిలబడి తీసిన ఫొటోలో హొరైజన్ బండి టాపుని ఒరుసుకుంటూ పోవాలి. టాపుకి రెండు వేళ్ల పైన కనబడిందంటే ఎంత బాగా రంగులేసినా అది బొమ్మే. వ్యూఫైండర్‌లో నేను ముందు చూసేది బండిని కాదు, ఆ గీత ఎక్కడ పడిందన్నదే.

అదృష్టం ఏమిటంటే నా డీఎస్ఎల్ఆర్‌ని బల్ల మీద ఊరికే పెడితే లెన్స్ మధ్య భాగం సుమారు నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో వస్తుంది. ట్రైపాడ్ అక్కర్లేదు. ప్లైవుడ్ ఈ చివర కెమెరా, కింద ఒక అట్టముక్క. అంతే.

ఇక ఫోకస్. ఫోన్‌తో ముందు ప్రయత్నించాను గానీ ఇప్పటి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్లు (వెలుతురుని పట్టే పలకలు) పెద్దవైపోయాయి. దగ్గర బండి మీద ఫోకస్ పెడితే కొండ మసకబారుతుంది. వెనకంతా మసకబారితే కన్ను వెంటనే "ఇది చిన్న వస్తువు" అనేస్తుంది. నిజం ఊరి ఫొటోలకి పైనా కిందా మసక పూసి బొమ్మ ఊరిలా చూపించే ఫిల్టర్లు పనిచేసేది కూడా ఈ కిటుకుతోనే. మనకి కావలసింది సరిగ్గా దానికి ఉల్టా.

కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌ని 18 మి.మీ. దగ్గర పెట్టి, వెలుతురు వచ్చే రంధ్రాన్ని ఎఫ్/16కి మూస్తే హైపర్‌ఫోకల్ దూరం సుమారు ఒక మీటరు. మీటరు దగ్గర ఫోకస్ పెడితే అర మీటరు నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. కాబట్టి బండి కెమెరాకి 50 సెం.మీ. దూరంలో ఉండాలి. స్కేలులో అది 18 మీటర్లు; రోడ్డు అవతల నిలబడి తీసినట్టే. ఆ దూరంలో ఫ్రేము వెడల్పు 65 సెం.మీ., నా రోడ్డు వెడల్పు 45. పక్కలు కత్తిరించక తప్పదు, 24 మెగాపిక్సెల్ ఉంది కాబట్టి పర్వాలేదు. ఆ అర మీటరు హద్దు బొమ్మ సైజుని బట్టి మారదు. 1:64 బండి పెడితే ఫ్రేములో ఏడు సెంటీమీటర్ల చుక్క అవుతుంది, 1:24 పెడితే పద్ధెనిమిది సెంటీమీటర్లు నిండుగా ఉంటుంది. పెద్ద బొమ్మ సుఖం అన్నది ఇందుకే.

అమెరికాలో మైకేల్ పాల్ స్మిత్ అనే ఆయన 1:24 కార్లతో ఎల్గిన్ పార్క్ అనే ఊహా పట్టణాన్ని ఇదే పద్ధతిలో తీశారు. ముందు బల్ల మీద బొమ్మ కార్లు, వెనక నిజమైన ఇళ్లూ చెట్లూ. వాడింది ఖరీదైనది కాదు, మామూలు చిన్న డిజిటల్ కెమెరా. చిన్న సెన్సర్ కాబట్టి దగ్గరా దూరం రెండూ స్పష్టంగా పట్టేయడం దానికి తేలిక. ఇంట్లో అలాంటి పాత కెమెరా మూలన పడి ఉంటే అమ్మేయకండి.

డిసెంబరు నాలుగో వారం: బీచ్‌లో

తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, వాకింగ్‌కి వచ్చేవాళ్లదే రాజ్యం. గాలి కూడా అప్పుడే నెమ్మదిగా ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక సముద్రం మీద నుంచి గాలి మొదలైతే మురీ బండి గొడుగు నిలవదు. పైగా ఉదయపు ఎండే కావాలి. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది, డిసెంబరులో సూర్యుడు కూడా అటే ఉదయిస్తాడు. నేరుగా సముద్రం వైపు తీస్తే ఎదురెండ, బండి నల్లగా పడుతుంది. కెమెరాని కుడికి, డాల్ఫిన్స్ నోస్ వైపు తిప్పితే అదే ఎండ ఎడమ పక్క నుంచి బండి మీద పడుతుంది. తలుపుల వంపులన్నీ తేలతాయి.

లైట్లు ఏవీ వాడలేదు. గదిలో బల్బు పక్కన పెడితే బండి నీడ ఒకవైపూ కరెంటు స్తంభం నీడ ఇంకోవైపూ విచ్చుకుంటాయి, బల్బు దగ్గరలోనే ఉందని నీడలే చెప్పేస్తాయి. ఎండలో నీడలన్నీ సమాంతరం. స్కేలుని పట్టించుకోని వెలుతురు అదొక్కటే.

ఫుట్‌పాత్ మీద, గోడని ఆనుకుని మడత బల్ల, దాని మీద గోడ కన్నా కొంచెం ఎత్తులో ఉండేలా ప్లైవుడ్. స్పిరిట్ లెవెల్‌తో సరిచూసుకున్నాను. బల్ల ఒరిగితే హొరైజన్‌కీ రోడ్డుకీ పొత్తు కుదరదు. కెమెరా నుంచి ప్లైవుడ్ అవతలి అంచు 75 సెం.మీ. ఆ అంచు మీదుగా చూపు కిందికి జారి, మనం నీటి కన్నా ఆరు మీటర్ల ఎత్తులో ఉన్నామనుకుంటే, వంద మీటర్ల అవతల గానీ నేలని తాకదు. ఈలోపు ఉన్న ఇసుక, కుక్కలు, సెల్ఫీలు అన్నీ అంచు వెనక దాక్కుంటాయి. అంచు కనబడకుండా దాని మీద నాలుగు సెంటీమీటర్ల లోపు ఎత్తులో బుల్లి పిట్టగోడ, అక్కడక్కడ పెచ్చులూడినట్టు.

బల్ల చుట్టూ జనం మూగుతారనుకున్నాను. ఆగినవాళ్లు తక్కువే. ఒక పెద్దాయన మాత్రం నడక ఆపి, నడుం వంచి బండిని చాలాసేపు చూసి, "స్టెప్నీ డిక్కీలో పెట్టావా బాబూ?" అని అడిగారు. పెట్టలేదని చెప్తే ఒప్పుకోలేదు. ఒక కాకి వచ్చి రోడ్డు మీద వాలింది. లెక్క ప్రకారం పదిహేను మీటర్ల కాకి. ఆ ఫొటో మేనల్లుడు అడిగి తీసుకున్నాడు.

తడి రోడ్డు కూడా తీద్దామని నీళ్లు చల్లి చూశాను. నీటి చుక్క దాని బిగువుతో మూడు మిల్లీమీటర్ల బొట్టుగా నిలబడుతుంది, స్కేలులో అది పది సెంటీమీటర్ల నీటి ముద్ద. నీటిలో ఒక చుక్క షాంపూ కలిపితే పల్చగా పరుచుకుంటుంది. అయినా నాకు నచ్చింది గుంటల్లో మెరిసే రకం (గ్లాసీ) వార్నిష్ పోసి ఆరబెట్టడమే. ఆరాక కదలదు, గాలికి వణకదు.

ఇంటికొచ్చాక కెమెరాని తడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టాను. ఉప్పుగాలిలో తిప్పిన లెన్స్‌ని అలాగే బీరువాలో పెడితే మన ఊళ్లో ఫంగస్ పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

జనవరి మొదటి వారం: పెద్ద తెర మీద చూశాక

టీవీలో వేసి చూశాను. బండి, రోడ్డు, కొండ ఒకదానితో ఒకటి పేచీ పడటం లేదు. హొరైజన్ టాపుకి వెంట్రుకవాసి కింద ఉంది, ఎందుకంటే లెన్స్ నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగింది. కొంచెం పొట్టి మనిషి తీశాడనుకోవచ్చు. మురీ బండి పట్టా బాగా పలికింది. నచ్చనివి రెండు. తలుపుల మధ్య సందులు మరీ లోతు. బొమ్మలో సందు అర మిల్లీమీటరుంటే స్కేలులో 18 మి.మీ., ఫ్యాక్టరీ బండికి ఉండాల్సింది అందులో సగం కూడా కాదు. పుట్టీ పల్చగా నింపి, మళ్లీ సన్నటి సూదితో గీయాలి. రెండోది వైపర్లు. అవి అచ్చులో పోసిన లావుపాటి గట్లు, చెక్కేసి సన్నటి తీగతో పెట్టాలి.

తర్వాత రాత్రి దృశ్యం. మురీ బండి మీద లైటు వెలగాలి. మామూలు 3 మి.మీ. ఎల్ఈడీ ఇక్కడ పదకొండు సెంటీమీటర్ల బల్బు అవుతుంది, అంత లావు కుదరదు. కాళ్లు లేని బుల్లి రకం, 0603 సైజు ఎస్ఎండీ ఎల్ఈడీ అయితే పొడవు 1.6 మి.మీ., స్కేలులో ఆరు సెంటీమీటర్ల లోపు, అసలు బండి మీది బల్బంత. దానికి సన్నటి ఎనామెల్ తీగలు ముందే అతికించి వచ్చేవి జగదాంబ దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపులో చెప్పి వచ్చాను, వారంలో తెప్పిస్తానన్నాడు. ఈలోపు పుట్టీ పని.